సంఘమునకు గోదామొక్కటియే చాలదు, బడియు కావలెను



మన సహకార సంఘపు మహాజన సభకు నేను పెక్కు సంవత్సరములుగా హాజరగుచున్నాను. ఏ సంవత్సరమైనను సభలో వినవచ్చు ప్రశ్నలు నాలుగే. అప్పు ఎప్పుడిత్తురు? యూరియా బస్తాలు ఎప్పుడు వచ్చును? వడ్ల డబ్బు ఖాతాలో ఎప్పుడు పడును? మొండి బాకీలమీద ఏమి చర్య తీసికొంటిరి? ఈ నాలుగును న్యాయమైన ప్రశ్నలే. ఐతే ఐదవ ప్రశ్న యొకటి యున్నది. దానిని నేనింతవఱకు ఏ సభలోను వినలేదు, నేనును అడుగలేదు. “ఈ సంవత్సరము మన సంఘము మనకేమి నేర్పినది? మనము ఒకరికొకరము ఏమి నేర్పుకొంటిమి?” అనునదే ఆ ప్రశ్న. దానిని ఈ పత్రికా ముఖమున ఇప్పుడు అడుగ దలచితిని.

అప్పిచ్చుట, ఎరువమ్ముట, ధాన్యము కొనుట సంఘమునకు సగము పని మాత్రమే. ఇచ్చిన అప్పును చేనిలో ఎట్లు ఖర్చు చేయవలెనో తెలియని సభ్యునికి సంఘమెంత తక్కువ వడ్డీకి అప్పిచ్చినను ప్రయోజనము లేదు. అడుగు చిల్లిపడిన కుండలో నీరు పోసినట్లగును. కావున గోదాము కట్టుటకు చూపిన శ్రద్ధను రైతులకు, రైతు స్త్రీలకు, గ్రామ యువకులకు విద్య గఱపుటయందును సంఘము చూపవలెనని నా మనవి. ఇచట విద్య యనగా ఓనమాలు మాత్రమే కాదు. మన జీవనమునకు సంబంధించిన విషయములను మనమే చూచి, లెక్కించి, తర్కించి నిర్ణయించుకొనగల తెలివి.

ఇట్లు వ్రాయుటకు నా సొంత అనుభవమే కారణము. 2021-22 మిరప పంట కాలమును మనలో నెవ్వరును మఱచియుండరు. క్రొత్తగా వచ్చిన నల్ల తామరపురుగు ఖమ్మము, వరంగల్లు మొదలగు జిల్లాలలో పూతను పట్టి తోటలను పాడుచేసెను. ఆ యేట నాకు రెండెకరముల మిరప తోట యుండెను. పూవులలో పురుగును చూచి గుండె చెదరి, ఒక దుకాణమునకు పోయి, అక్కడ ఇచ్చిన మందు తెచ్చి చల్లితిని. తగ్గలేదు. నాలుగు దినములకు మఱొకటి తెచ్చితిని. అదియు పనిచేయలేదని మూడవది, నాలుగవది తెచ్చి రెంటిని కలిపి చల్లితిని. మా ప్రక్క చేలవారు నలుగురును ఇట్లే చేయుచుండిరి. గట్లు కలిసిన చేలలో పనిచేయుచు నేమి చల్లుచున్నామో ఒకరికొకరము చెప్పుకొనలేదు.

తోట పోయిన తరువాత, మా యింటి ప్రక్కనున్న ఇంటర్మీడియట్ చదువు బాలిక యొకతె మా వాకిట పడియున్న ఖాళీ డబ్బాలను చూచి, వాటి మీది సన్నని అక్షరములు చదివి, “పెదనాన్నా, ఈ రెండు డబ్బాలలోను ఉన్నది ఒకటే మందు. పేర్లే వేఱు” అని చెప్పినది. నేను వ్యాపారనామములు వేఱుగా నున్న ఒకే విషమును రెండు మాఱులు కొని, రెండు మాఱులు చల్లితిని. ఆ దినము నా మనస్సులో కలిగిన సిగ్గును, దుఃఖమును ఇప్పటికిని మఱువలేదు. అప్పునకు నేను కట్టిన వడ్డీ కంటె ఆ తెలియనితనమునకు కట్టిన వెల యెక్కువ.

ఈ సంగతిలో గమనింపదగిన దొకటి కలదు. తెలివి మా యూరిలో లేకపోలేదు. చదువగలిగిన బాలిక ప్రక్క యింటనే యుండెను. మందుల సంగతి తెలిసిన వ్యవసాయ విస్తరణాధికారి మన క్లస్టరులోనే యుండెను. మందు ఎక్కువగా చల్లినకొలది మిత్రపురుగులు చచ్చి శత్రుపురుగు పెరుగునని యెఱిగిన శాస్త్రవేత్తలు మన జిల్లాలోనే యుండిరి. లేనిది ఒక్కటే. ఆ తెలివి యంతయు ఒకచోట చేరి, రైతు ప్రశ్నకు ఎదురుగా నిలుచు తావు లేదు.

మన కూసుమంచి మండలమువారికి ఈ మాట పాలేరు జలాశయముతో పోల్చి చెప్పినచో సులభముగ బోధపడును. జలాశయము నిండుగా నున్నంత మాత్రమున ప్రతి మడియు తడియదు. పెద్ద కాలువ కావలెను, దానినుండి తూము కావలెను, తూమునుండి పిల్లకాలువ చేనిగట్టు వఱకు రావలెను. పిల్లకాలువ పూడిపోయినచో జలాశయము ప్రక్కనున్న చేనైనను ఎండిపోవును. విద్యా విషయమునను మన స్థితి ఇట్లే యున్నది. జలాశయము నిండుగనే యున్నది. వైరాలో కృషి విజ్ఞాన కేంద్రము కలదు. మధిరలో వ్యవసాయ పరిశోధనా స్థానము, అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల కలవు. దేశములో మొదటి కృషి విజ్ఞాన కేంద్రము 1974లో పుదుచ్చేరియందు స్థాపింపబడగా, నేడు దేశమంతట ఏడువందలకు పైగా ఉన్నవి. తెలంగాణములో ఐదువేల ఎకరముల కొక క్లస్టరు చొప్పున 2,601 రైతు వేదికలు 2020 మొదలుకొని నిర్మింపబడినవి. 2024 నుండి ఆ వేదికలలో కొన్నిటియందు “రైతు నేస్తము” అను పేరున శాస్త్రవేత్తలు తెరపై కనబడి రైతులతో మాటలాడు ఏర్పాటు జరిగినది. ఇవి యన్నియు మంచి పనులే. పిల్లకాలువ మాత్రము త్రవ్వబడలేదు. ఆ పిల్లకాలువ త్రవ్వవలసినది మన సంఘమే.

ఏలయన, ఒకదినపు సభలో చెప్పిన మాట మఱునాటికి నిలుచుట అరుదు. అధికారి వచ్చును, ఉపన్యసించును, ఛాయాచిత్రము తీయుదురు, తేనీరు త్రాగి వెళ్లుదుము. సభకు వచ్చినవారిలో పట్టా గల మగవారే యెక్కువ. కలుపు తీయునది, నాటు వేయునది, మిరప కోయునది, విత్తనము దాచునది స్త్రీలైనను వారిని పిలువము. చేను దున్నుచున్న కౌలుదారుని పిలువము. రేపు ఆ భూమి నేలవలసిన యువకుని పిలువము. ఎవరు పని చేయుదురో వారు లేని చోట పాఠము చెప్పుటవలన ఫలమేమి?

ఇంతకంటె మేలైన పద్ధతి యేది యనుటకు దూరదేశములకు పోనక్కఱలేదు. మన పాత ఖమ్మము జిల్లాలోనే, నేడు భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరిన పాల్వంచ మండలములోని పునుకుల గ్రామము మనకు సాక్షి. అది అడవి అంచున నున్న ప్రత్తి గ్రామము. 1990 దశకము చివర అక్కడి రైతులు పురుగుమందుల అప్పులలో మునిగియుండిరి. మందులిచ్చినవారే అప్పిచ్చువారు, పంటను కొనువారును వారే. అట్టి దినములలో సెక్యూర్ అను స్వచ్ఛంద సంస్థయు, సుస్థిర వ్యవసాయము కొఱకు పాటుపడు హైదరాబాదు మిత్రులును ఆ యూరికి వచ్చిరి. వారు మొదట మందు మానుమని ఉపన్యసింపలేదు. పురుగు జీవితచక్రమును రైతులకు చేలలోనే చూపిరి. గ్రుడ్డు ఎచట పెట్టును, పిల్ల ఎప్పుడు ఆకు తినును, కోశస్థ దశలో మట్టిలో ఎచట దాగును, రెక్కల పురుగు దీపమునకు ఎట్లు వచ్చును అను సంగతులు రైతులు తమ కన్నులతో చూచిరి. చూచిన పిమ్మట వేపగింజల కషాయము, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణము, లింగాకర్షక బుట్టలు, చేని చుట్టు ఆముదము, బంతి వంటి ఎర పంటలు వేయుట మొదలగు ఉపాయములను కొలదిమంది మాత్రము కొలది భూమిలో చేసి చూచిరి. ఫలితము గట్టుమీద నిలిచి చూచిన ఇరుగుపొరుగువారు తరువాతి సంవత్సరము చేరిరి. స్త్రీల సంఘములవారు వేపగింజలు దంచి పొడిచేయు పని చేపట్టిరి. 2004 నాటికి ఆ గ్రామము పురుగుమందులు లేని గ్రామముగ ప్రకటించుకొనినది. ఆ యనుభవము చూచియే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థవారు స్త్రీల పొదుపు సంఘముల ద్వారా ఈ పద్ధతిని నాటి ఆంధ్రప్రదేశములోని అనేక జిల్లాలకు వ్యాపింపజేసిరి.

ఇచట ఒక హెచ్చరిక. పునుకుల చెప్పిన మందు చీటీని మనము నేడు ఉన్నదున్నట్లు వాడుకొనజాలము. తరువాత బీటీ ప్రత్తి వచ్చినది. పచ్చపురుగు బాధ తగ్గినది. పిమ్మట గులాబిరంగు పురుగు ఆ ప్రత్తిని గూడ లొంగదీసికొనినది. మిరపకు నల్ల తామరపురుగు వచ్చినది. రేపు మఱియొకటి వచ్చును. ఒకనాటి చిట్కా మఱియొకనాటికి చెల్లకపోవచ్చును. చెల్లునది నేర్చుకొను పద్ధతి. పదిమంది చేరి, ఒక చేనిని వారము వారము చూచి, చూచినదానిని వ్రాసికొని, తర్కించి, చిన్న మడిలో పరీక్షించి, పిదప పెద్ద చేనికి పోవుట యను పద్ధతికి కాలదోషము పట్టదు.

ఈ పద్ధతినే ఇండోనేషియా దేశమువారు 1989లో వరి రైతుల కొఱకు పొలము బడి యను పేర ప్రారంభించిరి. దానికి ముందు ఆ దేశములో సుడిదోమ వరిని నాశనము చేయుచుండెను. మందు చల్లినకొలది దోమ హెచ్చెను. దోమను తిను సాలెపురుగులు మందువలన చచ్చుటయే కారణమని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1986లో ఆ ప్రభుత్వము వరిపై 57 రకముల పురుగుమందులను నిషేధించినది. కాని నిషేధము మాత్రమే చాలదని, రైతే తన చేనిలో మిత్రపురుగును, శత్రుపురుగును గుర్తింపగలుగవలెనని, ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ సహాయముతో పంట కాలమంతయు వారమున కొకమాఱు పొలములోనే కూడు బడులను పెట్టిరి. అచట ఉపన్యాసము లేదు. ఐదుగురేసి రైతులు మడిలో దిగి మొక్కలను చూచి, పురుగులను లెక్కించి, బొమ్మ గీసి, “ఈ వారము మందు చల్లవలెనా, వలదా” యని తామే తేల్చుకొందురు. మన రాష్ట్రములలో “పొలంబడి” యను పేర జరిగిన కార్యక్రమము ఈ చెట్టు కొమ్మయే. 2003 తరువాత అనంతపురము, కర్నూలు, మహబూబ్‌నగరు, నల్లగొండ మొదలగు ఏడు కఱవు జిల్లాలలో రైతులే వానను కొలిచి, బోరుబావుల నీటిమట్టమును కొలిచి, యాసంగికి ముందు ఊరి నీటి లెక్క వేసికొని, ఆ నీటికి తగిన పంటలను ఎంచుకొనుట నేర్చిరి. అక్షరములంతగా రానివారును కొలబద్ద పట్టి నీటిశాస్త్రము నేర్చినప్పుడు, మనము మన చేని శాస్త్రము నేర్వలేమా?

మన గణపేశ్వరాలయమును చూడవచ్చినవారు కాకతీయులనాటి రాతిపనిని మెచ్చుకొనిపోవుదురు. ఆ శిల్పులు పని జరుగు చోటనే, పెద్దవారి ప్రక్కన ఉలి పట్టి నేర్చియుందురు గాని ఉపన్యాసములు విని కాదు. చేతి విద్యకు అదియే మార్గము. సేద్యమును చేతి విద్యయే.

ఇక స్త్రీల మాట. 2011 జనాభా లెక్కల ప్రకారము తెలంగాణ ప్రాంతమున పురుషులలో నూటికి 75 మంది అక్షరాస్యులు కాగా స్త్రీలలో 58 మంది మాత్రమే. ఈ భేదము సిగ్గుపడదగినది. ఐనను చదువు స్త్రీల చేతికి అందినప్పుడు ఏమి జరుగునో నెల్లూరు జిల్లా దూబగుంట మనకు చూపినది. 1990 ప్రాంతమున అక్షరాస్యతా ఉద్యమములో రాత్రి బడికి వచ్చిన కూలి స్త్రీలు సారాయివలన చెడిన సంసారమును గూర్చిన పాఠము చదివిరి. అది తమ కథయేనని గ్రహించిరి. పలక ప్రక్కన బెట్టి సారాయి దుకాణమునకు పోయిరి. ఒక గ్రామమున పుట్టిన ఆ కదలిక రాష్ట్రమంతట వ్యాపించి, తుదకు 1993 అక్టోబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశములో సారాయి నిషేధింపబడెను. అక్షరము తన జీవితమును గూర్చి పలికినప్పుడు ఎంత బలము గలదగునో చూడుడు. మన సంఘపు బడిలో స్త్రీలు కేవలము శ్రోతలుగా నుండరాదు. విత్తనమును ఎన్నుటయందును, కూరగాయల పెరటియందును, పాడియందును, ఇంటి ఖర్చు లెక్కయందును వారే ఉపాధ్యాయినులు కావలెను.

యువకుల మాట మఱింత అవసరము. మన పిల్లలు పదవతరగతి దాటగానే ఖమ్మమునకో హైదరాబాదునకో పోవుచున్నారు. పోవుట తప్పుగాదు; సేద్యమనగా తెలివి లేనివాని పనియని తలచి పోవుటయే తప్పు. ఆ తలంపు వారికి మనవలననే కలిగినది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున 1902లో ఏ.బి. గ్రాహము అను పాఠశాలల పర్యవేక్షకుడు బాలబాలికలను చేర్చి, మొక్కజొన్న మడులు వేయించి, నేల పరీక్ష నేర్పి, లెక్కలు వ్రాయించెను. క్రమముగా అది శిరస్సు, హృదయము, హస్తము, ఆరోగ్యము అను నాలుగింటిని పెంపొందించు బాలసంఘముల ఉద్యమముగ దేశమంతట వ్యాపించినది. 1914లో ఆ దేశపు శాసనసభ విశ్వవిద్యాలయముల విజ్ఞానమును పల్లెలకు చేర్చుటకై ఒక చట్టమే చేసినది. అధికారి మాట నమ్మని తండ్రి, తన కుమారుని మడిలో పండిన కంకిని చూచి నమ్మెను. మన తెలుగుదేశమునను ఇట్టి ప్రయత్నములు లేకపోలేదు. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో ఆచార్య రంగాగారు 1930 దశకమున రైతాంగ విద్యాలయమును స్థాపించి పల్లె యువకులకు రైతు సమస్యలను బోధించిరి. మన తెలంగాణములో 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. సభ జరుపుటకు ముందుగా అనుమతి పొందవలసిన ఆ దినములలో పుస్తకాలయమే మన పెద్దలకు బడియైనది. 1934లో మన ఖమ్మమున జరిగిన ఆంధ్ర మహాసభకు చేరినవారిలో అట్టి పుస్తకాలయములలో పెరిగినవారు పెక్కుమంది. నిర్బంధములున్న దినములలో మన తాతలు బడి పెట్టిరి. ఏ నిర్బంధమును లేని మనము పెట్టలేకున్నాము.

విద్య సహకార సంఘపు పనియా యని కొందఱడుగవచ్చును. సహకారోద్యమ చరిత్ర యెఱిగినవా రట్లడుగరు. 1844లో ఇంగ్లాండులోని రాచ్‌డేలు పట్టణమున 28 మంది, అందు నేతపనివారే పెక్కుమంది, చిన్న దుకాణము పెట్టిరి. నేటి సహకార సంఘములకు మూలపురుషులు వారే. కొలది యేండ్లకే వారు లాభములో నూటికి రెండున్నర వంతు విద్యకై ప్రత్యేకించి, దుకాణముపైననే పఠనమందిరము నడిపిరి. అదే 1844వ సంవత్సరమున డెన్మార్కు రైతు యువకుల కొఱకు మొదటి జానపద ఉన్నత పాఠశాల రోడింగు గ్రామమున తెఱవబడినది. ఆ పాఠశాలలలో చదివిన రైతుబిడ్డలే తరువాత, 1882లో మొదటిది పుట్టిన సహకార పాల కేంద్రములను దేశమంతట నిలువబెట్టిరి. చదువు ముందు వచ్చినది, వెన్న తరువాత వచ్చినది. 1995లో అంతర్జాతీయ సహకార సమితి ప్రకటించిన ఏడు సూత్రములలో ఐదవది సభ్యులకు విద్య, శిక్షణ, సమాచారము ఇచ్చుటయే. 2025వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి సహకార సంవత్సరముగ ప్రకటించినప్పుడు మనమును తోరణములు కట్టితిమి. తోరణము వాడిపోయినది, ఐదవ సూత్రము అట్లే కాగితముపై నున్నది.

ఇప్పుడు ఆక్షేపణలకు సమాధానము చెప్పవలెను. “డబ్బేది?” యనువారికి రాచ్‌డేలు లెక్కయే సమాధానము. సంఘపు నికర లాభము రెండు లక్షల రూపాయలైనచో నూటికి రెండున్నర చొప్పున ఐదువేలగును. ఒక పంట కాలమంతయు వారమున కొక ప్రొద్దు పొలములో కూడుటకు పలకలు, నోటు పుస్తకములు, అంటు అట్టలు, మంచినీరు తప్ప వేఱేమి కావలెను? “తీరిక యేది?” యనువారిని నేనొకటి యడిగెదను. దుకాణమునకు నాలుగు మాఱులు పోయివచ్చుటకు తీరిక యున్నదిగదా. దానికంటె తక్కువ కాలమే ఇచట పట్టును. “చేతిలో ఫోను ఉన్నది, అందులో సమస్తమున్నది” యని యువకులందురు. ఉన్నమాట నిజమే. ఐతే ఫోనులో చెప్పువాడు నీ చేను చూడలేదు. చెప్పినది తప్పైనచో మఱునాడు నీ గట్టుకు రాడు. ఫోనులో విన్నదానిని గూడ పదిమందిలో పెట్టి పరీక్షించుటకే బడి కావలెను. “ఇది ప్రభుత్వోద్యోగుల పని” యనువారికి నా మనవి యేమనగా, ఐదువేల ఎకరములకు ఒక్కడైన అధికారి ప్రతి గట్టునకు రాలేడు. మనము పాతికమందిమి ఒకచోట కూడి పిలిచినచో తప్పక వచ్చును.

ఈ బడిలో ఏమి నేర్వవలెనో నాలుగు ఉదాహరణములు చెప్పెదను. మొదటిది ఎరువు లెక్క. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని నూటికి 46 వంతున 20.7 కిలోలు. 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో నత్రజని 9 కిలోలు, భాస్వరము 23 కిలోలు. డి.ఎ.పి. వేసినప్పుడు అందలి నత్రజనిని లెక్కలో తీసివేయక యూరియా యథాప్రకారము కుమ్మరించినచో ఖర్చును పెరుగును, మెత్తబడిన పైరునకు పురుగును పెరుగును. రెండవది మందు డబ్బాపైనున్న వజ్రాకారపు గుర్తులోని రంగు. ఎఱ్ఱనిది మిక్కిలి విషము, పసుపుపచ్చనిది దానికి తరువాతిది, నీలము మధ్యమము, ఆకుపచ్చనిది స్వల్పము. ఐనను నాలుగును విషములే. వ్యాపారనామము గాక క్రింద వ్రాసిన అసలు మందు పేరు చదువుట నేర్చినచో నావలె ఒకే మందు రెండు పేర్లతో కొనరు.

మూడవది వడ్డీ లెక్క. కేంద్ర వడ్డీ రాయితీ పథకము క్రింద నిర్ణీత పరిమితి వఱకు పంట అప్పునకు వడ్డీ నూటికి 7. గడువులోపల చెల్లించినవారికి మఱి 3 తగ్గి 4 మాత్రమే పడును. లక్ష రూపాయల అప్పునకు గడువు దాటిన మాత్రమున మూడువేలు చేతినుండి జాఱును. ఈ ఒక్క లెక్క ఇల్లాలికి తెలిసినచో ఇంటాయనకు గడువు తేదీ గుర్తుచేయునది ఆమెయే. నాలుగవది తేమ. వడ్లకు 17 శాతము మించరాదు. ప్రత్తికి 8 శాతము వఱకు పూర్తి మద్దతు ధర, ఆపైన 12 వఱకు తఱుగు, 12 దాటినచో తిరస్కారము. కల్లములో రెండుదినములు ఎండబెట్టినచో కలుగు లాభమును, కాంటా వద్ద వాదించి పొందలేము.

కావున వచ్చు వానాకాలమునకు నేను ప్రతిపాదించునది ఇది. సంఘము ఒక పొలంబడిని పెట్టవలెను. పాతికమంది చేరవలెను, వారిలో పదిమందికి తక్కువ కాకుండ స్త్రీలుండవలెను, ఐదుగురైనను కౌలుదారులుండవలెను, వారికి సంఘములో సభ్యత్వము లేకపోయినను సరియే. ప్రతి బుధవారము ఉదయము రెండు గంటలు ఒక సభ్యుని చేనిలో కూడవలెను. చేనిలో రెండు మడులు విడువవలెను. ఒకటి మామూలు పద్ధతి, మఱొకటి బడి తేల్చిన పద్ధతి. రెంటి ఖర్చును, దిగుబడిని ఒకే పుస్తకములో వ్రాయవలెను. నెలకొకమాఱు వైరా కేంద్రపు శాస్త్రవేత్తను గాని విస్తరణాధికారిని గాని పిలువవలెను. ఐతే ఆయన వచ్చులోపల మన ప్రశ్నలు వ్రాసి సిద్ధముగ నుంచవలెను. ప్రశ్న మనది, సమాధానము ఆయనది. పరీక్ష మరల మనది.

దీనికి తోడు, తొమ్మిదవ తరగతికి పైబడిన బాలబాలికలు పదిమందికి ఒక్కొక్కరికి ఒక్కొక గుంట చొప్పున భూమి చూపవలెను. గుంట యనగా ఎకరములో నలువదవ వంతు. ఏ తండ్రియు ఇంతమాత్రమునకు వెనుదీయడు. అందులో కూరగాయలో, మిరపయో వారికి తోచినది వేసి, లెక్క వ్రాసి, మహాజన సభలో తామే చదివి వినిపింపవలెను. బహుమతి ఎక్కువ పండించినవానికి గాక, సరిగా లెక్క వ్రాసినవానికి ఈయవలెను. ఓడిన పంట లెక్క నిజాయితీగా వ్రాసిన బిడ్డ గెలిచిన పంట లెక్క దాచినవానికంటె గొప్పవాడు.

ఇవి పెద్ద కోరికలు గావు. పాఠశాల భవనము కోరుటలేదు. జీతగాడైన పంతులును కోరుటలేదు. ఒక తీర్మానము, లాభములో రెండున్నర వంతు, వారమునకు రెండు గంటలు మాత్రమే కోరుచున్నాను. మొదటి సంవత్సరము తప్పులు జరుగును. పాతికమందిలో పదిమంది నడుమ మానివేయుదురు. మిగిలిన పదునైదుగురు రెండవ సంవత్సరమునకు పాతికమందిని తెత్తురు. పునుకులలో జరిగినదట్లే.

మా వాకిట డబ్బాలు చదివిన ఆ బాలిక ఇప్పుడు డిగ్రీ చదువుచున్నది. “బడి పెట్టినచో వచ్చి మందు డబ్బాలు చదివి చెప్పెదవా, బిడ్డా?” యని మొన్న ఆమెను అడిగితిని. “వస్తాను పెదనాన్నా, కాని చదివి చెప్పను, మీచేతనే చదివిస్తాను” అన్నది. ఇంతకుమించి చెప్పవలసినది నాకేమియు లేదు. వచ్చు మహాజన సభలో ఐదవ ప్రశ్నను నేనడిగెదను. పాలకవర్గమువారు సమాధానముతో రావలెననియు, సభ్యులందఱును, ముఖ్యముగా సభ్యుల ఇండ్లలోని స్త్రీలును, యువకులును ఆ దినమున తప్పక హాజరుకావలెననియు వినయపూర్వకముగ ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
కూసుమంచి సంఘ సభ్యుడొకడు